చీర కొసల దారాలు

భవానీపురంలో మాకు ఒక మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్టు ముక్కలు, లంగా గుడ్డలు, లైనింగులు అమ్ముతాం. చీరలకు ఫాల్ కుట్టి, కొసలకు పికో చేసి ఇస్తాం. షాపు చిన్నది. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నిలబడితే మూడో ఆవిడ మెట్ల మీదే ఆగాలి. అయినా ఈ చుట్టుపక్కల నాకొక పేరుంది. ఆవిడ కంట్లో చీర ఒక్కసారి పడితే చాలు, ఆర్నెల్ల తర్వాత అడిగినా రంగు తప్పు పోదు అంటారు. మైలవరం నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ పేరు నాది కాదు, మా చెల్లెలిది. ఈ ఒక్క ముక్క చెప్పడానికి నాకు పదేళ్ళు పట్టింది, అదీ కాగితం మీద.

మా చెల్లెలు నాకంటే ఏడేళ్ళు చిన్న. నలభై దాటింది. అమ్మ పోయాక నా దగ్గరే ఉంటోంది. చిన్నప్పటి నుంచి ఏరడం, విడదీయడం, వరసలో పెట్టడం అంటే దానికి ప్రాణం. అమ్మ కందిపప్పు చేటలో పోసి రాళ్ళు ఏరమంటే రాళ్ళతో ఊరుకునేది కాదు. బద్దలు ఒకవైపు, విడిపోని గింజలు ఒకవైపు, పొట్టున్నవి ఇంకోవైపు పెట్టేది. పప్పు పొయ్యి ఎక్కేసరికి మధ్యాహ్నం రెండయ్యేది. ఆకలితో నాకు ఒళ్ళు మండి ఆ కుప్పలన్నీ ఒక్క ఊపున కలిపేసేదాన్ని. అది ఏడ్చేది కాదు. మళ్ళీ మొదటి నుంచి ఏరుకునేది. ఊళ్ళో తిక్కది అనేవాళ్ళు. నేనూ అన్నాను, ఎవరో అనడం ఎందుకు.

నాలుగైదేళ్ళ కిందట షాపుకు వచ్చే ఒక టీచరుగారు దాన్ని కాసేపు చూసి, ఒకసారి డాక్టరుకు చూపించండి అన్నారు. బెజవాడలోనే ఒక డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ రెండుసార్లు కూర్చోబెట్టి మాట్లాడి, ఆటిజం అని చెప్పారు. "జబ్బు కాదమ్మా ఇది. తన తీరే అంత. ఏరుకోవడం, రాసుకోవడం మాత్రం మాన్పించకండి. మీకు మాట్లాడటం ఎలాగో తనకి అది అలాగ," అని నవ్వారు. ఆవిడ ముందు నేను అరగంట ఆపకుండా మాట్లాడాను మరి. ఆ ఫైలు తెచ్చి బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేశాను. మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే షాపుకు వచ్చిన ప్రతి మనిషీ దాన్ని ఎగాదిగా చూస్తారని నా భయం. దాన్ని చూస్తారని అంటున్నానుగానీ, నన్ను చూస్తారనే అసలు భయం.

ఇక ఆ నోటుబుక్కుల సంగతి. కొత్త చీర పికోకు వస్తే కొసన వేలాడే పోగులు కత్తిరించి పడేస్తాం. చెల్లెలు వాటిని పడేయనిచ్చేది కాదు. ఒక్కో చీరవి నాలుగు పోగులు తీసుకుని, చిన్న అట్టముక్కకు చుట్టి, నోటుబుక్కులో అతికించేది. కింద నంబరు వేసేది. ఎవరి చీర, ఏ ఇల్లు, ఎందుకు కొన్నారు, ఏ రోజు వచ్చింది, అన్నీ రాసేది. రంగుకు తనే పేరు పెట్టేది. వాన పడ్డ ఇటుక. మూడో రోజు మల్లెపూవు. జామకాయ లోపలి రంగు. మా షాపులో తానుల మీద ఉండే షేడ్ నంబర్లు దానికి నచ్చేవి కావు. "ఇరవై ఏడు అంటే ఏం కనపడుతుందక్కా," అనేది.

మొదట్లో విసుక్కున్నాను. తర్వాత ఒకరోజు ఒకావిడ చీర తేకుండా వచ్చింది. మొన్న మీరే పికో చేశారు కదండీ, దానికి జాకెట్టు ముక్క కావాలి, సాయంత్రం పెళ్ళికి వెళ్ళాలి అని ఒకటే తొందర. నేను తెల్లమొహం వేశాను. చెల్లెలు లోపలికి వెళ్ళి, ఆ చీర పోగులు తెచ్చి, బల్ల కింద నా చేతిలో పెట్టింది. నేను వాటిని గుప్పిట్లో ఉంచుకుని, తానుల్లో వెతికి, సరిగ్గా అదే రంగు తీసి ఇచ్చాను. ఆవిడ వీధిలోకి వెళ్ళి ఎండలో పట్టి చూసుకుని, వాళ్ళింటి నుంచి ఫోన్ చేసి మరీ మెచ్చుకుంది. "మీ కళ్ళు కళ్ళు కావండీ," అంది. "ఒకసారి చూస్తే గుర్తుండిపోతుందండీ నాకు," అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట నోటికి.

మర్నాడు నేనే వెళ్ళి గట్టి అట్ట ఉన్న పెద్ద నోటుబుక్కు కొనిచ్చాను. అది నిండాక ఇంకోటి. అలా ఏడయ్యాయి. ఒక్కటే షరతు పెట్టాను, పుస్తకాలు ఎవరున్నా బయటికి తేకూడదని. లోపలి గదిలో చూసుకుని, దారం ఒక్కటే తెచ్చి, నా చేతిలో కనపడకుండా పెట్టాలి. ఎందుకని అది అడగలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. నా గొప్ప బయటపడకూడదని అంత ఏర్పాటు చేసుకున్నాను. అప్పుడే ఆ పుస్తకాలు బల్ల మీద నలుగురికీ కనిపించేట్టు పెట్టుంటే, తర్వాత జరిగింది జరిగేదే కాదు.

మా వెనక వీధిలో మేడ ఇంట్లో ఒక పెద్దావిడ ఉంటారు. పిన్నిగారూ అని పిలుస్తాను. మంచి మనిషి. మా అమ్మ పోయినప్పుడు మూడు రోజులు వాళ్ళింటి నుంచే మాకు అన్నం వచ్చింది. ఆవిడ కోడలికి ఏడో నెలలో సీమంతం చేశారు. ఆ చీరకు ఫాల్ మేమే వేశాం. తర్వాత పది రోజులకు బిడ్డ కడుపులోనే పోయింది. ఇంకో ఏడాదికి మళ్ళీ నెల తప్పి, మూడో నెలలో పోయింది. ఆ కోడలు పిల్ల బయటికి రావడమే మానేసింది. పిన్నిగారు గుళ్ళూ, హాస్పిటళ్ళూ తిరుగుతూ సగం అయిపోయారు.

పోయినేడాది ఒకరోజు నేను భోజనానికి ఇంటికి వెళ్ళాను. షాపులో చెల్లెలు ఒక్కతే ఉంది. పిన్నిగారు వచ్చి, కోడలి చీర ఒకదానికి లంగా గుడ్డ కావాలి, చీర తేవడం మర్చిపోయానే అన్నారట. ఇవ్వడానికి నేను లేను. దారం పెట్టడానికి బల్ల కింద నా చెయ్యి లేదు. దాంతో అది పుస్తకమే తెచ్చి బల్ల మీద పెట్టి, పేజీలు తిప్పుతూ చూపించింది. "మీ కోడలుగారివి మూడున్నాయండీ. ఇది పండక్కి కొన్నది. ఇది వాళ్ళ పెళ్ళిరోజుకు మీరు కొనిచ్చింది. ఇది సీమంతానిది, చింతచిగురు రంగు," అని.

నేను తిరిగొచ్చేసరికి పిన్నిగారు స్టూలు మీద కూలబడి ఉన్నారు. పక్కషాపు ఆవిడా, ఇంకో ఇద్దరూ చుట్టూ చేరారు. నోటుబుక్కు ఆవిడ ఒళ్ళో తెరిచి ఉంది. ఆ పేజీలో లేత ఆకుపచ్చ పోగులు, కింద వాళ్ళింటి గుర్తు, కోడలి పేరు, సీమంతం తేదీ ఉన్నాయి.

"ఇదేంటమ్మాయ్?" అన్నారు. "మా పిల్ల చీర దారం తీసి, పేరు రాసి, చుట్టి పెట్టారేంటి? తేదీ కూడా రాశారు. ఎందుకు పెట్టారమ్మా?"

ఆవిడ ఏమనుకుంటున్నారో నాకు వెంటనే తెలిసింది. మా వైపు ఎవరికైనా తెలుస్తుంది. కట్టిన బట్టలోంచి దారం తీసి, పేరు రాసి, దాచిపెట్టారంటే చేతబడి తప్ప ఇంకేం తోస్తుంది. చదువుకున్నవాళ్ళు పైకి నవ్వుతారేమోగానీ, వాళ్ళ కోడలికి రెండుసార్లు కడుపు పోతే వాళ్ళూ నవ్వలేరు. ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపం లేదు.

"అన్నీ ఉన్నాయమ్మా, అందరివీ ఉన్నాయి," అంది పక్కషాపు ఆవిడ, లోపలి గదిలోంచి తెచ్చిన ఇంకో పుస్తకం తిప్పుతూ. "నాది కూడా ఉంది."

"దాచిపెట్టి రాయాల్సిన పనేంటండీ?" అంది ఇంకొకావిడ.

నేను చెప్పాల్సింది రెండు ముక్కలు. మా చెల్లెలికి ఆటిజం అండీ, ఇలా సేకరించుకోవడం తన అలవాటు, ఈ దారాలు చూసే నేను మీకు రంగులు కలుపుతున్నాను, ఈ పుస్తకాలు కొనిచ్చింది నేనే. అంతే. నా నోరు ఎలాంటిదో ఆ వీధిలో అందరికీ తెలుసు. కరెంటు వాళ్ళ దగ్గర్నుంచి చెత్తబండి వాళ్ళ దాకా నాకు జడుస్తారు. ఆ నోరు ఆ రోజు లేవలేదు. లేచి అన్నది ఇది.

"నాకు తెలియదు పిన్నిగారూ. దీనికి మతి సరిగ్గా ఉండదు, మీకు తెలుసుగా. నాకు తెలియకుండా చేసింది."

చెల్లెలు నా వంక చూసింది. అది మనుషుల మొహాల్లోకి సాధారణంగా చూడదు. ఆ రోజు చూసింది.

నేను అక్కడితో ఆగానా అంటే, ఆగలేదు. నిజంగానే నాకు తెలియదని వాళ్ళకు నమ్మకం కలగాలిగా. దాని వీపు మీద ఒక్కటి వేశాను. "ఎందుకు చేశావే ఈ దరిద్రపు పని," అని అందరి ముందూ అరిచాను. నలభై దాటిన మనిషిని కొట్టాను. పిన్నిగారే అడ్డం వచ్చి, "దాన్నెందుకమ్మా కొడతావు, దానికేం తెలుసు," అన్నారు. వాటిని కృష్ణలో కలిపేస్తే దోషం పోతుందని ఎవరో అన్నారు. దారం చుట్టిన చేత్తోనే వదలాలని ఇంకొకరు అన్నారు. నేను అన్నిటికీ సరే, సరే అన్నాను.

నాలుగింటికి రెండు ఆటోల్లో ఘాట్‌కు వెళ్ళాం. ఏడు పుస్తకాలూ చెల్లెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, వరస తప్పకుండా. నీళ్ళు మెట్ల దాకా ఉన్నాయి. కింది మెట్టు మీద నిలబడి, "ఒకటి నుంచా అక్కా, ఏడు నుంచా?" అని అడిగింది. "ఏదో ఒకటి, పడెయ్యవే," అన్నాను. "ఒకటి నుంచి వేస్తాను," అంది. మొదటి పుస్తకం మునగలేదు. గట్టి అట్ట కదా, నేనే ఏరి కొన్నది. తెరుచుకుని, పేజీలు పైకి తేలి, నెమ్మదిగా పక్కకు జరిగింది. చెల్లెలు వంగి చూసింది.

"అక్కా, ఎరుపులు రంగు దిగుతాయి. పక్కనే తెలుపులున్నాయి."

"దిగితే దిగనీ," అన్నాను.

అది మిగతా ఆరూ ఒక్కొక్కటే వదిలింది. పిన్నిగారు చేతులు జోడించి ఏదో చదువుకుంటూ ఏడుస్తున్నారు. నేనూ చేతులు జోడించాను. నాకు ఆ నమ్మకం ఏ కోశానా లేదు. అయినా జోడించాను.

ఆ రాత్రి మా ఆయన సంగతంతా విని, "తెలుసని చెబితే ఏమయ్యేది?" అని ఒక్క మాట అడిగి ఊరుకున్నారు. ఆయన కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్లో పని చేస్తారు, మనిషి తక్కువ మాట్లాడతారు. నేను నాలుగు కేకలేశాను. షాపు మూతపడేది, గొడవయ్యేది, మీకేం తెలుసు అన్నాను. ఏదీ అయ్యేది కాదని అరుస్తున్నప్పుడే నాకు తెలుసు.

మర్నాటి నుంచి చెల్లెలు పోగులు కత్తిరించి చెత్తబుట్టలో వేసేది. చీర తేకుండా వచ్చినవాళ్ళకు, ఈమధ్య నా కళ్ళు మసకేస్తున్నాయండీ, చీర తెచ్చుకోండి అని చెప్పాను. అక్కడికి సద్దుమణిగిందనుకున్నాను. అప్పుడు కొత్తది మొదలైంది. అది ఏ పని చేసినా ముందు నాకు చెప్పేది. "అక్కా, ఫ్యాన్ వేస్తున్నాను. నీకు చెప్పాను." "అక్కా, మంచినీళ్ళు తాగుతున్నాను. నీకు చెప్పాను." "అక్కా, కత్తెర ఈ పక్కన పెట్టాను. నీకు చెప్పాను." పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే. వారం రోజులు ఓర్చుకుని, పదిమంది ముందు గయ్యిమన్నాను. "ఏంటే ఈ గోల? అన్నీ నాకు చెప్పాలా?"

"చెప్పాలిగా," అంది. "నోటుబుక్కులు నీకు తెలియదన్నావు. నేను చెప్పాననే అనుకున్నాను. నువ్వే కొనిచ్చావని నాకు గుర్తుంది. మొదటిది నీలం అట్ట, మంగళవారం కొన్నావు. కానీ నువ్వు తెలియదన్నావుగా. అంటే నాకు తప్పు గుర్తుంది. ఇంకేవి తప్పు గుర్తున్నాయో నాకు తెలియట్లేదక్కా. అందుకని చెప్తున్నాను."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మనిషికి ఉన్న ఆస్తి అదొక్కటే, తనకు గుర్తున్నది నిజమన్న ధైర్యం. అక్క అబద్ధం ఆడుతుందన్న ఊహ దానికి రాలేదు. నన్ను వదిలేసి, తనను తాను తప్పు పట్టుకుంది.

ఆ సాయంత్రం షాపు షట్టరు సగం దించి, దాన్ని కూర్చోబెట్టి చెప్పాను. "నీకు గుర్తున్నదంతా నిజమే. నేనే కొనిచ్చాను. నాకు తెలుసు. వాళ్ళ ముందు అబద్ధం చెప్పానే." దాని కాళ్ళు పట్టుకుందామనిపించింది, కానీ ముట్టుకుంటే దానికి పడదు.

"వాళ్ళకి చెప్పావా?" అంది.

"ఇంకా లేదు. చెప్తాలే."

"ఎప్పుడు?"

"పిన్నిగారు ఈసారి షాపుకొచ్చినప్పుడు," అన్నాను.

"సరే," అని తలూపింది. ఆ రోజు నుంచి, "నీకు చెప్పాను" అనడం కొంచెం తగ్గింది. కొత్త నోటుబుక్కు తెచ్చిపెడితే మాత్రం ముట్టుకోలేదు. "వాళ్ళకి చెప్పాక," అంది. పిన్నిగారు మా షాపు వైపు రావడం అప్పటికే తగ్గించేశారు. ఆవిడింటికి నేనే వెళ్ళొచ్చు. రెండు నిమిషాల నడక. నాలుగు నెలల్లో ఒక్కసారీ వెళ్ళలేదు. వీధి చివర ఆవిడ కనబడితే నేనే సందులోకి తిరిగేదాన్ని.

ఈ ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున పిన్నిగారు స్వీటు పెట్టె పట్టుకుని వచ్చారు. మొహం వెలిగిపోతోంది. కోడలికి అయిదో నెలట. డాక్టరు అంతా బాగుందన్నారట. నా చేతిలో కోవా పెట్టి, నా నెత్తి నిమిరారు. "ఆ పుస్తకాలు కృష్ణమ్మలో కలిశాకే నిలిచిందమ్మాయ్. నువ్వు ఆ రోజు అడ్డం చెప్పకుండా చేయించావు చూడు, నీ మేలు మర్చిపోను," అన్నారు. చెల్లెలికీ ఒకటిచ్చి, "దీని తప్పేం లేదులే, అమాయకురాలు," అన్నారు. తర్వాత సంచిలోంచి కొత్త చీర తీసి బల్ల మీద పెట్టారు. "ఫాల్ వేసి పెట్టు. దారం గీరం తీసుకోనివ్వకు, చూస్తూ ఉండు."

"నేనున్నాగా పిన్నిగారూ. కనిపెట్టుకునే ఉంటాను," అన్నాను.

చెల్లెలు చేతిలో కోవా అలాగే పట్టుకుని నిలబడింది. నాకు టైమిచ్చింది. తర్వాత పిన్నిగారి వైపు తిరిగి, "అక్క మీకొకటి చెప్తానందండీ," అంది.

"ఏంటమ్మాయ్?" అన్నారు ఆవిడ.

ఆవిడ కళ్ళలో ఆ సంతోషం చూశాను. ఆవిడ సంతోషం పాడుచేయలేకపోయాను అని రాసుకుంటే నాకు బాగానే ఉంటుంది. నిజం అది కాదు. నా నెత్తి నిమిరిన చెయ్యి వెనక్కి తీసుకుంటారని భయపడ్డాను.

"ఏం లేదు పిన్నిగారూ, ఈ ఎండలకి కోడలికి మజ్జిగ బాగా ఇవ్వమని."

"అది కాదక్కా," అంది చెల్లెలు. "నోటుబుక్కులు నీకు తెలుసని. నువ్వే కొనిచ్చావని."

పిన్నిగారు నవ్వారు. "పాపం, దాని ధ్యాస ఇంకా వాటి మీదే ఉంది," అన్నారు.

నేనూ నవ్వాను.

ఆవిడ వెళ్ళాక చెల్లెలు కోవా పెట్టెలో పెట్టేసి, చేతులు కడుక్కుని, ఆ కొత్త చీర విప్పింది. కొసన పోగులు కత్తిరించి చెత్తబుట్టలో వేసింది. లేచి ఫ్యాన్ వేసుకుంది. మంచినీళ్ళు తాగింది. కత్తెర ఎక్కడో పెట్టింది. నేను లెక్కలు రాస్తున్నట్టు తల వంచుకుని, అది చెబుతుందని చూస్తూ కూర్చున్నాను. చెప్పలేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళాం, అప్పుడూ చెప్పలేదు. అన్నాల దగ్గర ఇక ఆగలేక నేనే అడిగాను.

"ఏమే, ఇవాళ ఏదీ నాకు చెప్పడం లేదేం?"

"నీకు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే అక్కా," అంది. కోపమేమీ లేదు దాని గొంతులో. పప్పు వేసుకుని, అన్నం కలుపుకుంది.